నమ్మరాని హెచ్చరికలు

ఆపద రాబోవుచున్నదని తెలుపుటకై యొక గంటను గట్టిరి. అది మ్రోగినది. విన్న మనుష్యుడేమి చేయును? లేచి ప్రాణరక్షణకై పరుగెత్తునని, లేక తన చేతిలోని యంత్రమును తత్క్షణమే నిలిపివేయునని యంత్రనిర్మాతలు తలంచుచుందురు. అనుభవము చెప్పునది వేరు. విన్నవాడు మొట్టమొదట ప్రక్కవాని ముఖము చూచును. పిమ్మట, కడచిన పర్యాయము ఇదే గంట మ్రోగినప్పుడేమి జరిగెనో జ్ఞప్తికి దెచ్చుకొనును. అప్పుడేమియు జరుగలేదని తోచినచో, ఆపదను వెదకుట మాని, ఆ చప్పుడును మాన్పు మీట యెక్కడ నున్నదో వెదకును. ఇది పామరుల లక్షణమని యెవరును చులుకన చేయబనిలేదు. గగనమున వేలకొలది గంటలు విహరించిన పైలట్లును, పట్టభద్రులైన ఇంజనీర్లును, రాత్రింబవళ్లు రోగులను కనిపెట్టియుండు నర్సులును ఇట్లే చేయుచున్నారు. ఇందరు ఒకే రీతిగా నడచుకొనుచుండగా దానిని వ్యక్తిదోషమని త్రోసివేయుట విచారశీలుర పద్ధతి గాదు.

మన రైతులకీ విషయము క్రొత్త గాదు. చేలో దిష్టిబొమ్మను నిలిపిన మొదటి రెండుమూడు దినములు పిట్టలు దరికి రావు. వారము గడచునప్పటికి ఒక కాకి వచ్చి దాని తలమీదనే కూర్చుండును. ఆ కాకి బుద్ధిహీనమైనదని యెవరనగలరు? బొమ్మ కదలదని అది పరీక్షించి తెలిసికొన్నది. మంచె మీది కాపరి వడిసెల త్రిప్పగనే అదే కాకి లేచిపోవును. ఏలయన వడిసెలలో రాయి యున్నది.

పిల్లలకు మనము ‘నాన్నా పులి’ కథ చెప్పి, అబద్ధమాడరాదను నీతిని గఱపుచున్నాము. ఆ కథలో, రెండుమార్లు మోసపోయి మూడవమారు పరుగెత్తి రాని తండ్రిని ఎవరును తప్పుపట్టరు. యంత్రయుగమున ఈ కథ తారుమారైనది. అబద్ధపు కేకలు వేసినది యంత్రము. అది మాటిమాటికి కేకలు వేయునట్లు అమర్చినవాడు యజమాని. పులి వాతబడినవాడు, ఈ రగడ యేమియు నెఱుగక తన యింట నిద్రించుచున్న మూడవవాడు. విచారణసంఘము నెదుట నిలిచి సంజాయిషీ చెప్పుకొనవలసినవాడు మాత్రము, ఆ రాత్రి పరుగెత్తి రాని కూలివాడు. ఈ యన్యాయమును గూర్చియే నేడు కొంత వ్రాయదలచితిమి.

మన నైయాయికులు శబ్దమును ప్రమాణములలో నొకటిగా అంగీకరించిరి. కాని వట్టి శబ్దము ప్రమాణము గాదు, ఆప్తుని వాక్యమే ప్రమాణమనిరి. ఉన్నదానిని ఉన్నట్లెఱిగి, ఎఱిగినది యెఱిగినట్లు చెప్పువాడు ఆప్తుడు. కర్మాగారపు సైరనును ఒక శబ్దమే. ఇందు ఆప్తత్వమెంతయున్నది యను విచారణను వినువాని బుద్ధి తనంతట తానే చేయుచుండును, వలదన్నను మానదు. పొగను జూచి నిప్పును ఊహించుటను అనుమానమునకు ఉదాహరణముగా జెప్పునదియు ఆ శాస్త్రమే. హోటళ్లయందును పట్టణపు మేడలయందును నేడు పైకప్పునకు బిగించుచున్న పొగసూచికలు ఆ తర్కమును సగమే చదువుకొన్నట్లున్నవి. పోపు మాడిన పొగకును, ఇల్లంటుకొన్న పొగకును గల భేదము వానికి తెలియదు. నెలకు రెండుమార్లు పోపునకు గగ్గోలుపెట్టిన సూచిక నుండి వంటవాడు కుర్చీ యెక్కి బ్యాటరీని ఊడదీయును. అతడు నిప్పునకు భయపడనివాడు కాడు. ఆ సూచికను నమ్మనివాడు.

ఇందలి లెక్క సులభమైనదే గాని చాలమంది గమనింపరు. ఒక గ్యాసు సూచిక నూటికి తొంబదితొమ్మిది దినములు సరిగా పనిచేయుననుకొందము. అనగా గ్యాసు కారని నూరు దినములలో నొకనాడు మాత్రము ఊరక మ్రోగును. నిజముగా కారిన దినమున తప్పక మ్రోగును. ఇంతకంటె మంచి యంత్రము కావలెనని యెవరడుగుదురు? అయితే, అది కాపలాకాయు తావున వేయి దినములకొకసారి మాత్రమే గ్యాసు కారుననుకొనుడు. ఆ వేయి దినములలో గంట సుమారు పదునొకండు మార్లు మ్రోగును. పది అబద్ధములు, ఒకటి నిజము. ఇట్టి సూచికలు నూరు నూరు తావులను కనిపెట్టుచుండి, వేయి దినములలో ఒక్కచోట ఒక్కనాడు మాత్రమే ఆపద సంభవించినచో, కావలివాడు దినమునకొకటి చొప్పున సుమారు వేయి అబద్ధపు గంటలు విని, వానిలో కలసిపోయిన యొక్క నిజపు గంటను గుర్తుపట్టవలసి యుండును. యంత్రమును విక్రయించువాడు నూటికి తొంబదితొమ్మిది యని ప్రకటించుకొనును. కావలివాని చెవికి అది వేయింటికొకటి. ఇద్దరు చెప్పునదియు సత్యమే.

మానసిక శాస్త్రజ్ఞులు ఈ విషయమును చాలకాలముగా పరిశోధించుచున్నారు. శ్లోమో బ్రెజ్నిట్జు అబద్ధపు హెచ్చరికల మనస్తత్త్వమును గూర్చియే 1984లో ఒక గ్రంథము ప్రకటించెను. 1988లో రాబర్టు సార్కిను అను అమెరికను పండితుడు, మన హెచ్చరిక గంటలను జనులేల ఆపివేయుచున్నారను ప్రశ్ననే తన వ్యాసమునకు శీర్షికగా నుంచెను. 1990 తరువాత జేమ్సు బ్లిస్సు మొదలగువారు చేసిన ప్రయోగములలో తేలినదేమన, జనులలో నధికసంఖ్యాకులు తమ నడవడిని గంట యొక్క సత్యసంధతకు తూచినట్లు సరిపెట్టుకొందురు. నూటికి ఇరువదియైదు మార్లు నిజము పలుకు గంటకు ఇంచుమించు అన్ని మార్లే లేతురు. డెబ్బదియైదు మార్లు నిజము పలుకుదానికి అన్ని మార్లు లేతురు. దీనిని సోమరితనమనుటకంటె, అప్పు తీర్చని వానికి మరల అప్పీయని వర్తకుని వివేకముతో పోల్చుట యుక్తము. కాని వర్తకుడు పోగొట్టుకొనునది డబ్బు. ఇక్కడ ఆ మిగిలిన మార్లలో పోవునవి ప్రాణములు.

ఇక మన దేశపు కథకు వత్తము. భోపాలు నగరమునందలి యూనియన్ కార్బైడు పురుగుమందుల కర్మాగారము నెఱుగని భారతీయుడుండడు. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి 610వ సంఖ్యగల టాంకులోనికి నీరు చొచ్చుటచే అందలి మిథైల్ ఐసోసయనేటు ఉడికి, 3వ తేది తెల్లవారకమునుపే సుమారు 40 టన్నుల విషవాయువు నిద్రించుచున్న పేటలమీద క్రమ్మెను. మధ్యప్రదేశ ప్రభుత్వము 3,787 మంది మరణించినట్లు ధ్రువపరచెను. తరువాతి సంవత్సరములలో కడతేరినవారిని జేర్చినచో ఆ సంఖ్య అనేకరెట్లగును. గాయపడినవారి సంఖ్యను 2006లో ప్రభుత్వమే 5,58,125గా ప్రమాణపత్రమున దాఖలుచేసెను. ఆ వాయువు చేసిన ఘాతుకమును గూర్చి అనేకులు వ్రాసియున్నారు. ఆ రాత్రి పలికిన సూచికలను గూర్చియు, పలుకని వానిని గూర్చియు తెలిసికొనవలసినది యింకను గలదు.

రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట ఆ టాంకులోని పీడనము చదరపు అంగుళమునకు రెండు పౌనులుగా నుండెను. షిఫ్టు మారి క్రొత్త పనివాడు పదునొకండు గంటలకు చూచునప్పటికి అది పది పౌనులైనది. గంట లోపల ఐదురెట్లు. అతడు కంగారుపడలేదు. పది పౌనులనునది వాడుకగా నుండు హద్దులలోని సంఖ్యయే. అదిగాక అక్కడి మీటర్లు తప్పులు చూపుచుండుట పనివారికి నిత్యానుభవము. పదునొకండున్నర ప్రాంతమున వారి కండ్లు మండసాగెను. గ్యాసు కారుచున్నదని వారు గ్రహించినది కన్నీటివలన గాని మీటరు వలన గాదు. ఆ కర్మాగారమున మీటరు కంటె కన్నీరే నమ్మదగిన సూచికగా నుండెను. కారుట క్రొత్త గాదు గనుక, టీ త్రాగిన పిదప సంగతి చూతమనుకొనిరి. పండ్రెండున్నర దాటునప్పటికి మీటరు ముల్లు తన కొలత యొక్క కడపటి గీతను దాటి నిలిచెను.

ఉష్ణమును తెలుపు హెచ్చరిక యేమైనది? ఆ ద్రవమును ఎల్లప్పుడును చల్లగా నుంచవలెను. పదునొకండు డిగ్రీలు దాటగనే గంట మ్రోగవలెను. ఖర్చు తగ్గించుకొనుటలో భాగముగా చల్లబరచు యంత్రమును 1984వ సంవత్సరము మధ్యనే నిలిపివేసిరి. నాటినుండి ద్రవము ఎల్లప్పుడును ఆ హద్దునకు పైననే యుండెను. ఎల్లప్పుడును మ్రోగవలసిన గంట యేమియు చెప్పజాలదు గదా! ఆ రాత్రి అది మ్రోగలేదు. యజమాని పొదుపు చేసినది శీతలయంత్రపు ఖర్చును మాత్రమే యని పైకి కనబడును. దానితోబాటు హెచ్చరికయొక్క అర్థము కూడ పోయినది. ఆ నష్టము ఏ ఖాతాలోను వ్రాయబడలేదు.

ఊరివారికి వినిపించు సైరను కథ అంతకంటె శోచనీయము. లోపలి హెచ్చరికయు బయటి సైరనును జతగూడి పలుకునట్లు మొదట అమర్చియుండిరి. 1982లో కంపెనీవారు ఆ రెంటిని విడదీసి, లోపలిది మ్రోగుచుండగనే బయటిది నోరుమూసికొనుటకు వీలు కల్పించిరి. చిన్న చిన్న కారుటలకెల్ల ఊరివారిని బెదరింపనేల యనునది దానికి చెప్పిన కారణము. ఆ రాత్రి పండ్రెండుగంటల యేబది నిమిషముల ప్రాంతమున ఊరి సైరను కొలదిసేపు కూసి, ఆ నియమము ప్రకారమే ఆగిపోయెను. రెండుగంటలు దాటిన పిమ్మట మరల కూసెను. అప్పటికి కూలీల పేటలలో జనులు చావులమీద చావులుగా పడుచుండిరి. అది మొదటనే గట్టిగా కూసియున్నచో ఎందరు బ్రదికెడివారని యడుగవచ్చును. ఆ కర్మాగారమున అటువంటి కూతలు అభ్యాసములకును ఇతర కారణములకును వారమునకు ఇరువది వరకు నుండెడివని కార్మికులు తరువాత పత్రికా ప్రతినిధులకు చెప్పియుండిరి. వారమునకు ఇరువది మార్లు కూసి, ఒక్కమారైనను దేనికొఱకు కూసినదో చెప్పనిదానిని, ఇరువదియొకటవమారు నమ్మి లేవవలసినదని గుడిసెలలోని పేదవానికెవరు బోధించిరి?

యంత్రములే గాక ఒక మనుష్యుడును అక్కడ హెచ్చరికచేసెను. రాజకుమార్ కేశ్వాణీ యను భోపాలు పత్రికారచయిత, 1982లోనే తన ‘రపట్’ అను చిన్న వారపత్రికయందు, ఈ కర్మాగారమువలన నగరమునకు ముప్పు రానున్నదని వరుసగా వ్రాసెను. 1984 జూనులో ‘జనసత్తా’ యందు మరల వ్రాసెను. ఆయన అబద్ధపు కేక యెన్నడును వేసినవాడు కాడు. అయినను వినినవారు లేరు. అబద్ధపు హెచ్చరికలకు అలవడిన చోట నిజమైన హెచ్చరికయు అదే గంపలో పడునని తలంచుట కవకాశము గలదు గాని, పాలకుల చెవుల విషయమున వేరొక కారణమును వెదకుటయే న్యాయము. యంత్రపు మాట వినకుండుటకు దానిని నమ్మకుండుట చాలును. మనుష్యుని మాట వినకుండుటకు లాభము కూడ కారణము కావచ్చును.

ఇంత జరిగిన పిదప కంపెనీవారు చేసిన వాదమేమి? ఎవడో కోపించిన కార్మికుడు ద్రోహబుద్ధితో టాంకులోనికి నీరు వదలెనని. 2010 జూన్ 7వ తేదిన ఏడుగురు భారతీయ అధికారులకు రెండేసి యేండ్ల శిక్ష పడెను. ఆనాడే వారికి జామీను దొరకెను. మాతృసంస్థ అధ్యక్షుడు వారెన్ ఆండర్సను విచారణకు రాకయే 2014లో మరణించెను.

ఇది పేదదేశమునకే పట్టిన పీడ యనుకొనువారికి రెండు విషయములు మనవిచేయుదుము. 1997 ఆగస్టు 6వ తేదిన కొరియా దేశపు విమానమొకటి అమెరికా పాలనలోని గువాం ద్వీపమున దిగబోయి కొండను ఢీకొనెను. 228 మంది మృతినొందిరి. విమానము మితిమీరి క్రిందికి దిగుచున్నచో నేలమీది అధికారులను హెచ్చరించు రాడారు వ్యవస్థ అక్కడ నుండెను. అది మాటిమాటికి అకారణముగా మ్రోగుచున్నదని, ఆ ప్రాంతమున పలుకకుండునట్లు బుద్ధిపూర్వకముగానే చేసియుండిరి. 2010 ఏప్రిల్ 20వ తేదిన మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజను అను చమురు బావి నౌక ప్రేలి పదునొకండుగురు చనిపోయిరి. నౌక యంతటను వినబడవలసిన ప్రధాన హెచ్చరిక గంట తనంతట తాను మ్రోగకుండ ఏడాదిగా నిరోధింపబడియుండెనని అందలి సాంకేతిక నిపుణుడు విచారణలో సాక్ష్యమిచ్చెను. కారణమేమి? తెల్లవారుజామున మూడుగంటలకు అబద్ధపు గంటలు జనులను నిద్రలేపుచున్నవని! భోపాలులో ఊరు బెదరరాదనిరి. ఇక్కడ నిద్ర చెడరాదనిరి. రెండుచోట్లను గంటను బాగుచేయుటకు బదులు గంట నోరు మూయుటయే సులభమని తోచినది.

నోరుమూయని చోట వేరొక విపత్తు గలదు. 1979 మార్చి 28వ తేది తెల్లవారుజామున అమెరికాలోని త్రీమైల్ ద్వీపపు అణువిద్యుత్కేంద్రమున చిన్న లోపమొకటి ఏర్పడగా, కొలది నిమిషములలో నూరింటికి పైగా హెచ్చరికలు ఒక్కమారుగా వెలిగి మ్రోగెను. వానిని కాగితముపై ముద్రించు యంత్రము వెనుకబడి, ఒకానొక దశలో రెండు గంటలకు పూర్వపు సంగతులను తీరికగా అచ్చువేయుచుండెను! ముఖ్యమైన కవాటమొకటి మూతపడినదని దీపము చెప్పుచుండెను. యథార్థమున, మూతపడుమని ఆజ్ఞ పంపబడినదని మాత్రమే ఆ దీపమునకు తెలియును. కవాటము తెరచియే యుండెను. తాసిల్దారు హుకుము పంపినంతనే పని జరిగిపోయినదని కలెక్టరుకు రిపోర్టు వ్రాయు గుమాస్తాను పాఠకులెఱుగుదురు. 1994 జూలై 24వ తేదిన వేల్సు దేశమున మిల్ఫర్డ్ హేవెనులోని చమురుశుద్ధి కర్మాగారము ప్రేలినప్పుడు, ఆ ప్రేలుటకు పూర్వము పదునొకండు నిమిషములలో ఇద్దరు పనివారి యెదుట 275 హెచ్చరికలు వచ్చిపడెను. నిమిషమునకు ఇరువదియైదు. చదువుటకే వ్యవధి లేదు, ఆలోచించుట యెక్కడ?

వైద్యశాలల సంగతి మనలో చాలమందికి స్వయముగా తెలిసినదే. రోగి మంచము ప్రక్కన గుండెకొట్టుకొనుటను, శ్వాసను, రక్తపు పోటును కొలుచు యంత్రములు నిరంతరము కూయుచుండును. బంధువులు మొదటి గంటలో ప్రతికూతకును నర్సుకొఱకు పరుగెత్తుదురు. సాయంకాలమగునప్పటికి కూతల నడుమనే కునుకుతీయుదురు. అమెరికాలో వైద్యశాలలను పరిశీలించు జాయింట్ కమిషను 2013లో వెల్లడించిన దేమన, ఇట్టి హెచ్చరికలలో నూటికి 85 మొదలు 99 వరకు ఏ చికిత్సయు అవసరము లేనివి. అయినను మూడున్నర సంవత్సరములలో హెచ్చరికలకు సంబంధించి తనకు తెలియవచ్చిన 98 దుర్ఘటనలలో 80 మరణములుండెను. బోస్టను నగరమున ఒక వైద్యశాలవారు దీనికి ఉపాయము చేసిరి. హృద్రోగుల విభాగములో చప్పుడుతో వచ్చు హెచ్చరికలను లెక్కింపగా వారమునకు సగటున 87,823గా తేలినవి. చిన్న విషయములకు మ్రోగుట మాన్పి, హద్దులను సవరించి, మ్రోగిన ప్రతిదానికి తప్పక సమాధానమీయవలెనను నియమము నేర్పరచిరి. సంఖ్య 9,967కు దిగెను. యంత్రములు అవియే, నర్సులు వారే. మ్రోగుట తగ్గినందున వినుట కలిగెను.

ఇక్కడ నొక ఆక్షేపణ వచ్చును. పది అబద్ధపు గంటలు మ్రోగినను మ్రోగుగాక, ఒక్క నిజమైన ఆపద తప్పిపోయినచో దిక్కెవ్వరు? కావున గంటను మిక్కిలి సున్నితముగా అమర్చుటయే క్షేమము గదా యని. ఈ వాదమున న్యాయమున్నట్లు కనబడును. అయితే అబద్ధపు గంటకు వెల యెవరు చెల్లించుచున్నారో చూడుడు. యంత్రము మ్రోగినచో దానిని చేసినవాడు చట్టమునకు జవాబుదారి కాడు, తాను హెచ్చరించితిననును. యజమాని, గంటను పెట్టించితిననును. మ్రోగిన ప్రతిమారు పని ఆపినచో కూలి పోవునది పనివానికి. ఆపనిచో నింద వచ్చునది పనివానికి. మ్రోగించువానికి ఖర్చులేదు గనుక గంటలు విస్తరించుచున్నవి. అధికమైన గంటలలో ఎక్కువ భాగము ప్రాణరక్షణకై గాక, బాధ్యతనుండి తప్పించుకొనుటకై పుట్టినవని మా యభిప్రాయము. అబద్ధపు గంటకు కూడ యజమానియే లెక్క చెప్పవలెనని విధించినచో, ఎన్ని గంటలు మిగులునో చూడవచ్చును.

గంట మ్రోగినంతనే మారుమాటాడక లోబడవలెనని కూడ మేము చెప్పము. 1983 సెప్టెంబరు 26వ తేదిన సోవియట్టు దేశపు సైనికాధికారి స్తానిస్లావ్ పెట్రోవ్ కాపలాయందుండగా, అమెరికా ఐదు అణ్వస్త్రములను ప్రయోగించినదని ఉపగ్రహముల హెచ్చరిక వచ్చెను. యుద్ధము ప్రారంభించువాడు ఐదింటితో ప్రారంభింపడని ఆయన తర్కించెను. క్రొత్తగా నెలకొల్పిన యంత్రము కాన పూర్తిగా నమ్మరాదనుకొనెను. నేలమీది రాడార్ల సాక్ష్యము దానికి తోడు రాలేదు. అది అబద్ధపు హెచ్చరిక యని పై యధికారులకు తెలిపెను. ఎత్తైన మేఘములమీద ప్రతిఫలించిన సూర్యకాంతిని యంత్రము అస్త్రములుగా భ్రమించెనని పిమ్మట తేలెను. ఆయనకు దక్కినది గొప్ప బహుమానమేమియు గాదు. లెక్కపుస్తకము సరిగా వ్రాయలేదని మందలింపు వచ్చినదట. భోపాలు పనివాడు పీడనపు మీటరును నమ్మకపోవుటయు, పెట్రోవ్ ఉపగ్రహమును నమ్మకపోవుటయు ఒకే బుద్ధినుండి పుట్టినవి. పెట్రోవునకు రాడారు అను రెండవ సాక్షి యుండెను. భోపాలు పనివానికి రెండవ సాక్షియగు ఉష్ణపు గంటను యజమాని ముందే మూగదానిని చేసియుండెను.

ఇక మన యింటికి వత్తము. 2020 మే 7వ తేది తెల్లవారుజామున విశాఖపట్టణమున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి వెంకటాపురము మొదలగు గ్రామములను ముంచెను. పండ్రెండుగురు చనిపోయిరి, వందలకొలది జనులు ఆస్పత్రుల పాలైరి. టాంకు అడుగున తప్ప పైభాగమున ఉష్ణమును కొలుచు సాధనమే లేదు. పైన ద్రవము వేడెక్కుచుండగా అడుగునున్న మీటరు క్షేమమనుచుండెను. రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము ఆ సంవత్సరము జూలైలో నివేదిక సమర్పించెను. కర్మాగారపు గేటుతో సహా 36 తావులనుండి సైరనును మ్రోగింప వీలుండెనని, ఆ రాత్రి దాని నుపయోగింపలేదని అందు దేలినది. గ్రామస్థులను లేపినది ఘాటైన వాసనయు, పొరుగువారి కేకలును. భోపాలులో సైరను నాపు మీట యుండుట చేటుచేసెను. విశాఖలో మ్రోగించు మీటలు ముప్పదియారుండియు ఒక చేయియైనను వానిమీద పడలేదు. ముప్పదియారు తావులను చూచి తనిఖీదారు తృప్తిపడియుండవచ్చును. తావులు లెక్కింపవచ్చును గాని, మ్రోగించినందుకు రేపు ఉద్యోగముండునా యని అర్ధరాత్రి సందేహించు పనివాని భయమును ఏ తనిఖీ పుస్తకమున లెక్కింతురు?

2023లో కేంద్రప్రభుత్వము ప్రజల సెల్‌ఫోనులకు ఆపత్కాల సందేశములను పంపు ఏర్పాటును పరీక్షించెను. చేతిలోని ఫోను ఒక్కమారుగా బొబ్బపెట్టుటతో ఉలికిపడనివారు తక్కువ. ఇది పరీక్ష మాత్రమే, ఉపేక్షింపుడని అందు వ్రాసియుండెను. పరీక్షను పరీక్షయని చెప్పుట మెచ్చదగిన నిజాయితీ. కాని ఆ శబ్దము మన ప్రజలకు నేర్పిన మొదటి పాఠము ఉపేక్ష యనుటయు నిజమే. తుపాను వచ్చిననాడు అదే బొబ్బ వినబడినప్పుడు జ్ఞప్తికి వచ్చునది ఆ మొదటి పాఠము. 1977 నవంబరు తుపానులో దివిసీమను పోగొట్టుకొన్న మనకు ఇది చిన్న విషయము గాదు. ఇట్టి పరీక్షలను తక్కువగా చేసి, నిజమైన సందేశమునకు వేరొక గుర్తు నేర్పరచుట కష్టమైన పనియు గాదు.

ఇంగ్లండులోని ఇంజనీరింగు పరికరముల వినియోగదారుల సంఘము 1999లోనే ఒక ప్రమాణమును ప్రకటించెను. సాధారణ దినములలో ఒక పనివానికి పదినిమిషములకొకటి కంటె తక్కువగా హెచ్చరికలు వచ్చుచున్నచో అది భరింపదగినదని. ప్రతి హెచ్చరికకును చేయవలసిన పని యొకటి నిర్దిష్టముగా నుండవలెనని. చేయవలసిన పనియేదియో చెప్పలేనిచో ఆ గంటను తీసివేయవలెను. మన దేశమున భోపాలు తరువాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టమునకు 41-బి యను సెక్షనును జేర్చి, ఆపత్కరమైన కర్మాగారముల యజమానులు తమవలన గలుగు అపాయములను పనివారికి, స్థానిక సంస్థలకు, చుట్టుప్రక్కల ప్రజలకు తెలుపవలెనని విధించిరి. ఏ విషవస్తువు నిలువయున్నదో చెప్పవలెననుట మంచిదే. గంట చరిత్రను చెప్పవలెనని ఎవరును అడుగలేదు.

పరవాడలోను, అచ్యుతాపురములోను, హైదరాబాదు పరిసరములలోను రసాయన కర్మాగారముల ప్రక్కన నిలువ నీడగలవారును, ఆ కంపెనీలకు భూములిచ్చిన రైతులును, ఆ గ్రామముల పంచాయతీ పెద్దలును ఆ ప్రశ్నలు అడుగవచ్చును. మీ సైరను గడచిన సంవత్సరములో ఎన్నిమార్లు కూసెను? అందు నిజమెన్ని, అభ్యాసములెన్ని, పొరబాట్లెన్ని? పొరబాటున కూసిన మరునాడు గ్రామమునకు ఎవరైన వచ్చి, ఇందుచే కూసినది, ఇట్లు సరిచేసితిమని చెప్పిరా? దానిని మ్రోగించిన పనివానిని మెచ్చుకొంటిరా, మందలించితిరా? లోపలి గంట మ్రోగుచుండగా బయటిదానిని మాత్రము ఆపు మీట మీ యొద్ద గలదా, గలదేని అది యెవరి చేతిలో నున్నది? ఈ కడపటి ప్రశ్నను భోపాలులో 1982వ సంవత్సరమునందే ఎవరైన నడిగియున్నచో, సరియైన సమాధానమే దొరకియుండెడిది.